అమ్మని కొత్త మందు ట్రయల్‌లో చేరమంటున్నారు, సంతకం పెట్టేముందు ఏమేం అడగాలి?

చిన్నకూతురు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మకి 62 ఏళ్లు. చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి, గంట దాటితే గానీ గ్లాసు పట్టుకోలేదు. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. ఈమధ్య అది కూడా అంతగా పనిచేయడం లేదు.

పోయినసారి చూపించుకోవడానికి వెళ్తే డాక్టరుగారు, కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోంది, మీరు దానికి సరిపోతారు, చేరితే బాగుంటుంది అన్నారు. ఇరవై పేజీలకి పైనే ఉన్న కాగితాలిచ్చి ఇంటికి తీసుకెళ్లి చదువుకోమన్నారు. రెండో దశ ట్రయల్ అట. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి మందు, ఒకరికి ప్లాసిబో, అంటే చూడ్డానికి అలాగే ఉండే మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టరుకి కూడా తెలియదట. మెథోట్రెక్సేట్ మాత్రం అందరికీ కొనసాగిస్తారు.

"అంత పెద్దాయన అడిగారు కదే, కాదంటే ఏం బాగుంటుంది" అని అమ్మ అంటోంది. "మనుషుల మీద ప్రయోగమా, ససేమిరా కుదరదు" అని అన్నయ్య. నేను మధ్యలో నలిగిపోతున్నాను. కాగితాలు మళ్లీ మళ్లీ చదివాను. సైడ్ ఎఫెక్ట్స్ ఉన్న పేజీ చూస్తే గుండె దడదడలాడింది. చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తులేదు.

చేర్చాలా వద్దా అని మిమ్మల్ని అడగడం లేదు, అది మేమే తేల్చుకోవాలి. అమ్మ క్షేమంగా ఉంటుందో లేదో తెలుసుకోవడానికి ఏం అడగాలి, ఏం చూడాలి? ట్రయల్స్ సంగతి దగ్గర్నుంచి తెలిసినవాళ్లు చెప్తారా? వచ్చే వారం మళ్లీ అపాయింట్‌మెంట్ ఉంది. టెన్షన్‌గా ఉంది.

సూటిమాట

మీ అన్నయ్య చెప్పిందే సరైన మాట. ఒకసారి చరిత్ర చూడండి. అమెరికాలో టస్కీగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లకి వైద్యం చేయకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1940ల చివరికల్లా పెన్సిలిన్‌తో అది నయమవుతుందని అందరికీ తెలుసు. అయినా ఇవ్వలేదు. పైగా వాళ్లకి జబ్బు పేరు కూడా చెప్పలేదు. ఇదంతా చేసింది ఎవరో దొంగ డాక్టరు కాదు, సాక్షాత్తూ ప్రభుత్వ ఆరోగ్య విభాగం.

పేదవాళ్లని, పెద్ద వయసువాళ్లని, డాక్టరు మాటకి ఎదురుచెప్పలేని వాళ్లని ఎంచుకోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. "కాదంటే ఏం బాగుంటుంది" అని మీ అమ్మగారే అన్నారు. నా మటుకు నాకు ఆ ఒక్క మాట చాలు. వద్దనండి.

వార్డు డైరీ

సూటిమాట గారు టస్కీగీ గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఈ రంగంలో పనిచేసేవాళ్లకి అది మొదటి రోజే చెప్పాలి. కానీ అవునన్నా కాదన్నా, మీ అమ్మగారి చేతిలో ఉన్న కాగితం చూసి, అక్కడి మనుషుల్ని చూసి అనాలి.

నేను చాలాకాలం వార్డులో నర్సుగా చేసి తర్వాత ట్రయల్స్ కోఆర్డినేటర్‌గా మారాను. పేషెంట్లు విజిట్‌కి వస్తే ముందుగా కూర్చునేది నా ఎదురుగానే. కాబట్టి నా కుర్చీలోంచి కనిపించేదే చెప్తాను.

కన్సెంట్ ఫారం, అంటే మీరు సంతకం పెట్టే సమ్మతి పత్రం, జాగ్రత్తగా చదవమని అందరూ చెప్తారు. చదవాల్సిందే. అయితే నేను చూసినంతలో, ప్రమాదం ఎక్కువగా సంతకం అయిపోయాకే వస్తుంది. మూడో నెలో ఐదో నెలో, అందరూ నిశ్చింతగా ఉన్నప్పుడు ఒంట్లో ఏదో చిన్న తేడా మొదలవుతుంది. పేషెంటు దాన్ని చెప్పదు. లేదా చెప్పినా ఎదుటివాళ్లు రాసుకోరు. లేదా రాసుకున్నా, మందు ఆపే అధికారం ఉన్న మనిషి దాకా ఆ కబురు వెళ్లదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెగినా ఎంత మంచి ఫారం అయినా కాపాడలేదు.

పేరున్న చోట్ల కూడా ఇలాగే జరిగింది. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆరోగ్యవంతుల మీద ఆస్తమాకి సంబంధించిన ఒక పరిశోధన చేశారు. హెక్సామెథోనియం అనే రసాయనాన్ని పీల్పించారు. మొదటి వాలంటీరుకి దగ్గు, ఆయాసం వచ్చి కొన్ని రోజులున్నాయి. పాల్గొనేవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి అది తెలియజేయలేదు, పరిశోధన ఆపలేదు. మూడో వాలంటీరు ఎలెన్ రోష్, 24 ఏళ్ల అమ్మాయి, ఆరోగ్యంగా వచ్చింది. ఊపిరితిత్తులు దెబ్బతిని జూన్ 2న చనిపోయింది. మొదటి మనిషికి వచ్చిన దగ్గుని పట్టించుకుని ఉంటే ఆ అమ్మాయి దాకా వచ్చేదే కాదు కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో ఇంకోటి. రోజూ మందు వేసుకుంటున్న బృందంలో ఒకాయనకి 10వ తేదీ సాయంత్రం ఒంట్లో బాగోక ఆసుపత్రికి తీసుకెళ్లారు. మర్నాడు పొద్దున, ఆయన పరిస్థితి ఏమిటో కనుక్కోకుండానే మిగతా ఐదుగురికి మళ్లీ డోసు వేశారు. ఆయన వారంలో చనిపోయారు. మిగతావాళ్లలో కూడా చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. మందులో ప్రమాదం ఉందని ముందుగా ఊహించలేకపోవడం ఒక సంగతి. ఒక మనిషి పడిపోయాడని తెలిశాక కూడా ట్రే పట్టుకుని మిగతావాళ్ల దగ్గరికి వెళ్లడం వేరే సంగతి.

అందుకే మీరు మొట్టమొదట అడగాల్సింది ఇది: అర్ధరాత్రి అమ్మకి జ్వరం వస్తే ఫోన్ ఎవరెత్తుతారు? ట్రయల్‌లో చేరినవాళ్లకి ఒక కార్డు ఇస్తారు. దాని మీద స్టడీ (అంటే ఆ ట్రయల్) పేరు, పేషెంటు నంబరు, 24 గంటలూ పనిచేయాల్సిన ఫోన్ నంబరు ఉంటాయి. కన్సెంట్ ఫారంలో కూడా ఆ నంబరు ఉంటుంది. సంతకం పెట్టకముందే ఒక రాత్రి, వీలైతే సెలవు రోజు రాత్రి, ఆ నంబరుకి ఫోన్ చేయండి. మొహమాటపడకండి. ఎవరెత్తారు, ఆ స్టడీ పేరు చెప్తే వాళ్లకి అర్థమైందా, డాక్టరు ఎంతసేపట్లో తిరిగి ఫోన్ చేశారు, చూడండి. ఇరవై పేజీలు చెప్పని సంగతి ఆ ఒక్క ఫోన్ చెప్తుంది.

అక్కడే ఇంకో ప్రశ్న కూడా. అమ్మ వేసుకునేది మందో ప్లాసిబోనో డాక్టరుకి తెలియదు అన్నారు కదా. అత్యవసరమైతే తెలుసుకునే దారి ఉండి తీరాలి. దాన్ని కోడ్ బ్రేక్ అంటాం. ఒక్క పేషెంటు వరకు కోడ్ తెరిచి ఏం మందు వెళ్తోందో చూసి వైద్యం చేస్తారు. అది చేయగలిగినవాళ్లు రాత్రిపూట కూడా అందుబాటులో ఉంటారా అని అడగండి.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. ఈ ముక్క ఆవిడకే చదివి వినిపించండి.

ఇలాంటి జబ్బుకే, మెథోట్రెక్సేట్‌తో పాటు స్టడీ మందు వేసుకుంటున్న ఒకావిడ విజిట్‌కి వచ్చారు. ఎలా ఉన్నారమ్మా అంటే "బాగున్నానమ్మా, ఏ ఇబ్బందీ లేదు" అన్నారు. పక్కనున్న భర్త కూడా "బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. బీపీ బాగుంది, జ్వరం లేదు. స్టడీ మాత్ర నా ముందే వేసుకోవాలి కాబట్టి కప్పులో నీళ్లిచ్చాను. ఆవిడ తల కాస్త పక్కకి వాల్చి, నోటికి ఒక వైపు నుంచి మాత్రమే, బొట్టుబొట్టుగా తాగుతున్నారు. మింగేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నారు. కప్పు తీసుకుని నోరు తెరవమన్నాను. మాత్ర నాలుక మీదే ఉంది. బుగ్గల లోపల, నాలుక అంచున తెల్లటి పుళ్లు.

మాత్ర ఉమ్మించేసి డాక్టరుని పిలిచాను. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ని రోజూ వేసుకునే స్టడీ మాత్రలతో ఒకే డబ్బాలో పెట్టుకున్నారు. రెండూ పసుపుపచ్చగా, చిన్నగా ఉన్నాయి. పది రోజులుగా రెండూ రోజూ వేసుకుంటున్నారు. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ట్రయల్‌లో లేనివాళ్లకి కూడా ఇదే పొరపాటు జరుగుతూ ఉంటుంది, అందుకే దాని మీద అంత గట్టిగా హెచ్చరికలు రాస్తారు.

నోటిపూత మొదలై నాలుగు రోజులైందట. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెప్తే నన్ను తీసేస్తారేమోనని. చేతులు కాస్త తేలికపడ్డాయి ఇప్పుడిప్పుడే" అన్నారు.

అడ్మిట్ చేసి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారు. కణాలు తిరిగి పెరిగాయి, కోలుకున్నారు. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది కాబట్టి నియమాల ప్రకారం అది తీవ్రమైన సంఘటన. ప్రాణాపాయం కలిగినా, వైకల్యం వచ్చినా అంతే. అలాంటిది జరిగితే సాధారణంగా 24 గంటల్లో స్పాన్సర్‌కి, అంటే ఆ ట్రయల్ చేయిస్తున్న సంస్థకి, కబురు వెళ్లాలి. మేం పంపిన రిపోర్టు చూశాక ఆ స్టడీ నడుస్తున్న అన్ని కేంద్రాల్లో పేషెంట్ డైరీ మార్చారు. మెథోట్రెక్సేట్ కోసం ఒక్క వారం పేరే ముద్రించిన గడి పెట్టారు, మాత్రలు విడివిడి డబ్బాల్లో ఇచ్చారు. ఆవిడ నోట్లో పుండు ఎక్కడెక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని వాళ్లని కాపాడింది.

కాబట్టి అమ్మగారితో ఇలా చెప్పండి. కోఆర్డినేటర్ ఎలా ఉన్నారమ్మా అన్నప్పుడు బాగున్నాను అనడం మర్యాద కాదు. తలనొప్పి, నీరసం, నోటిపూత, దగ్గు, నిద్ర పట్టకపోవడం, ఏదైనా చెప్పాలి. అది మందు వల్లో కాదో తేల్చడం ఆవిడ పని కాదు, డాక్టరు పని. చెప్పినంత మాత్రాన తీసేయరు, చాలాసార్లు డోసు తగ్గించో కొన్నాళ్లు ఆపో చూస్తారు. మీరు కూడా వెంట వెళ్లండి, కానీ ఆవిడ బదులు మీరు జవాబు చెప్పకండి. పక్కనున్నవాళ్లు బాగుంది అనేశాక పేషెంటు నోరు విప్పదు. ఇది నేను ఎన్నిసార్లు చూశానో.

మాత్రలు మర్చిపోతే మర్చిపోయానని చెప్పాలి. విజిట్‌కి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, మిగిలిన మాత్రలు తెమ్మంటారు. లెక్క సరిపోవాలని కొంతమంది మిగిలినవి పారేసి వస్తారు. అప్పుడు ఆ డోసు మొత్తం ఒంట్లోకి వెళ్లిందనుకుని, ఆ డోసు క్షేమమే అని లెక్క వేస్తాం. రేపు నిజంగా అంత డోసు వేసుకునేవాళ్ల పరిస్థితి ఏమిటి?

చేరేముందు అడిగే పాత జబ్బుల గురించి కూడా ఒక మాట. టీబీ ఎప్పుడైనా వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, కామెర్లు వచ్చాయా అని అడుగుతారు. కీళ్లవాతానికిచ్చే కొత్త మందులు చాలావరకు రోగనిరోధక శక్తిని అణిచిపెడతాయి. లోపల నిద్రపోతున్న టీబీ లేచి కూర్చుంటుంది. అందుకే ఆ పరీక్షలు. సరిపోకపోతే చేర్చుకోరని దాచకండి. అటువైపు వాళ్లు కూడా ఆ గీత దాటకూడదు. 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జన్యు చికిత్స ట్రయల్‌లో చనిపోయిన 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ ఒంట్లో అమ్మోనియా, మందు ఎక్కించేముందు, ఆ ట్రయల్ పెట్టుకున్న హద్దు కంటే ఎక్కువగా ఉంది. అంతకుముందు కొంతమందికి వచ్చిన తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ కూడా వెంటనే పైకి చెప్పలేదని తర్వాత తేలింది. కాబట్టి స్క్రీనింగ్ రిపోర్టులు వచ్చాక, వీటిలో ఏదైనా హద్దు దగ్గర్లో ఉందా అని నేరుగా అడగండి.

పొడుగైపోయింది. ప్లాసిబో గురించి మళ్లీ రాస్తాను.

బయటి సభ్యుడు

నేను ఒక ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యుణ్ణి. అంటే డాక్టర్ని కాదు, సైంటిస్టుని కాదు. టీచరుగా రిటైరయ్యాను. కమిటీలో నాలాంటివాళ్లు ఉండాలని నియమం. ఫారం చదివి మామూలు మనిషికి అర్థమవుతుందా అని చెప్పడం మా పని.

వార్డు డైరీ గారితో నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తాను, కానీ సంతకం విషయాన్ని అంత తొందరగా వదలకూడదని నా అభిప్రాయం. అమ్మగారు "కాదంటే ఏం బాగుంటుంది" అన్నారు చూశారూ, దీని కోసమే హెల్సింకీ ప్రకటనలో ఒక నియమం ఉంది. ప్రపంచ వైద్య సంఘం 1964లో చేసి, అప్పటినుంచి చాలాసార్లు సవరిస్తూ వచ్చిన ప్రకటన అది. వైద్యం చేసే డాక్టరు మీద పేషెంటు ఆధారపడి ఉంటే, కాదనలేని పరిస్థితి ఉంటే, సమ్మతి అడగడానికి ఆ డాక్టరుతో సంబంధం లేని అర్హత ఉన్న ఇంకొకరు రావాలి. మీరు ఆ మాట అడగొచ్చు. "డాక్టరుగారూ, ట్రయల్ గురించి అమ్మకి వేరేవాళ్లు ఎవరైనా చెప్తారా, మీ ముందు ఆవిడ నోరు మెదపలేదు" అనండి. మంచి డాక్టరు నొచ్చుకోరు.

ఇంకో సంగతి. కాదంటే ఇప్పుడు జరుగుతున్న వైద్యంలో తేడా రాకూడదు. ఆ వాక్యం ఫారంలో ఉండాలి. మీరు వెతికి, అమ్మగారికి పెద్దగా చదివి వినిపించండి.

ఫారం మొత్తం ఒకేసారి చదివితే ఎవరికీ ఎక్కదు. హాని జరిగితే అనే భాగం ముందు తీయండి. మందు వల్ల జబ్బు చేస్తే వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఎన్నాళ్లు, నష్టపరిహారం ఉందా, బీమా ఉందా. "తగిన సహాయం చేయబడును" లాంటి గోడమీది పిల్లివాటం మాటలుంటే దానికి అర్థం ఏమిటో అడిగి రాయించుకోండి. మా కమిటీలో నేను ఎక్కువసార్లు వెనక్కి పంపింది ఈ పేరానే. ట్రయల్ అయిపోయాక మందు పనిచేసినవాళ్లకి అది దొరుకుతుందా అన్నది కూడా చూడండి, ఉన్నట్టుండి ఆగిపోతే మనిషి కుంగిపోతారు.

ఫారంలో ఎథిక్స్ కమిటీ నంబరు కూడా విడిగా ఉంటుంది. అది అలంకారానికి కాదు. డాక్టరుకి చెప్పుకోలేనిది మాకు చెప్పుకోవడానికే. చాలా తక్కువమంది చేస్తారు. చేయండి.

మూడో బెడ్

నేను ఆరోగ్యవంతుల మీద చేసే మొదటి దశ ట్రయల్స్‌లో పాల్గొన్నాను. మీ అమ్మగారిది వేరే పరిస్థితి. అయినా ఒక ప్రశ్న మాత్రం అందరికీ పనికొస్తుంది: మాకంటే ముందు ఈ మందు వేసుకున్నవాళ్లకి ఏమైంది?

2006 మార్చిలో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో టీజీఎన్1412 అనే మందుని మొట్టమొదటిసారి మనుషులకి ఎక్కించారు. ఆరుగురికి, నిమిషాల తేడాతో వరసగా. గంటన్నర లోపే ఒకరి తర్వాత ఒకరు కుప్పకూలారు. మొదటివాడికి ఏమవుతుందో చూసేదాకా ఆగి ఉంటే మిగతా ఐదుగురికి ఆ గతి పట్టేది కాదు. అందరూ బతికారు, కానీ ఒకతను వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతే యూరప్‌లో నియమాలు మార్చి, ముందు ఒక్కరికి ఇచ్చి గమనించాకే మిగతావాళ్లకి ఇవ్వాలన్నారు. నేను పడుకున్న వార్డులో మొదటి బెడ్ మనిషికి ముందురోజే మందు ఇచ్చారు. నా వంతు వచ్చేసరికి అతను లేచి నడుస్తున్నాడు. అది చూశాకే చెయ్యి చాచాను.

రెండో దశ అంటే మీ అమ్మగారికంటే ముందు కొంతమంది వేసుకునే ఉంటారు. వాళ్లెంతమంది, ఎన్నాళ్లు వేసుకున్నారు, ఎవరైనా మధ్యలో మానేశారా, ఎందుకు మానేశారు అని అడగండి. మధ్యలో ఎక్కడైనా కొత్త ప్రమాదం బయటపడితే మాకు చెప్పి మళ్లీ సంతకం తీసుకుంటారా అని కూడా. తీసుకోవాలి. నాకొకసారి అలా కొత్త కాగితం ఇచ్చారు. చదివి మానేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

చిన్నకూతురు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. వార్డు డైరీ గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. ఆ నోటిపూత సంగతి వినగానే లేచి వెళ్లి తన మాత్రల డబ్బా తెచ్చి నా ముందు గుమ్మరించింది. మెథోట్రెక్సేట్ విడిగానే పెట్టుకుంటోంది, హమ్మయ్య. కానీ రెండు నెలలుగా రాత్రిపూట నొప్పికి ఏదో బిళ్ల వేసుకుంటోందని ఇవాళే తెలిసింది. డాక్టరుకి చెప్పలేదట. "అది మందు కాదే, ఉత్త నొప్పి బిళ్ల" అంది.

మీరు చెప్పినట్టే ఆదివారం రాత్రి ఆ నంబరుకి ఫోన్ చేశాను. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఎత్తాడు. స్టడీ పేరు చెప్తే అదేంటో తెలియదన్నాడు, పొద్దున చేయమన్నాడు. పొద్దున కోఆర్డినేటర్‌కి చెప్తే పాపం ఆవిడే కంగారుపడింది. ఆఫీసు వేళలు దాటాక కాల్ మళ్లించే ఏర్పాటు ఆగిపోయిందట. సాయంత్రానికల్లా సరిచేశామని చెప్పారు. రాత్రి మళ్లీ చేశాను, ఈసారి డ్యూటీ డాక్టరే ఎత్తారు, కోడ్ బ్రేక్ ఎలా చేస్తారో కూడా వివరంగా చెప్పారు. ఇప్పటికే చేరిన వేరే పేషెంట్లకి ఈ సంగతి తెలుసా అని అడిగితే, అందరికీ ఫోన్లు చేస్తున్నామన్నారు.

అన్నయ్య కాస్త మెత్తబడ్డాడు, కానీ ఇప్పుడు ప్లాసిబో పట్టుకున్నాడు. "నెలల తరబడి ఉత్త పిండి మాత్ర ఇచ్చి నొప్పితో వదిలేస్తారా" అని. ఇంకోటి, మధ్యలో భయం వేస్తే మానేయొచ్చా?

సూటిమాట

ఆ ఫోన్ సంగతి చదివాక ఇంకోమాట చెప్పాలనిపించింది. నా అభిప్రాయం మారలేదు, సెక్యూరిటీ మనిషి ఎత్తే చోట మా అమ్మనైతే చేర్చను. కానీ మీరు చేసిన ఒక్క ఫోన్ వల్ల అప్పటికే చేరినవాళ్లకి మేలు జరిగింది. అది ఒప్పుకుంటాను.

వార్డు డైరీ

మంచి పని చేశారమ్మా. నిజంగా జ్వరం వచ్చిన రాత్రి తెలియడం కంటే ఇప్పుడు తెలియడం ఎంతో నయం. సూటిమాట గారి అనుమానం కూడా సబబే. సరిచేశారన్నారు కాబట్టి, ఇంకో వారం ఆగి మళ్లీ ఒక రాత్రి చేసి చూడండి.

ప్లాసిబో గురించి. ఇప్పటికే పనిచేస్తుందని రుజువైన వైద్యం ఉన్నప్పుడు, తీవ్రమైన హాని కలిగేలా దాన్ని ఆపి ఉత్త మాత్ర ఇవ్వకూడదు. మీ అమ్మగారి ట్రయల్‌లో మెథోట్రెక్సేట్ అందరికీ కొనసాగుతుందన్నారు కాబట్టి, ప్లాసిబో వచ్చినా ఇప్పుడున్న వైద్యం ఉంటుంది. అయితే అది సరిగా పనిచేయడం లేదు కదా, అక్కడ మీ అన్నయ్య బాధలో అర్థముంది. అందుకని అడగాల్సింది రెస్క్యూ మందు గురించి. ఫలానా వారానికి నొప్పి, వాపు తగ్గకపోతే వేరే మందు ఇస్తారా, ఏ వారానికి, ఎంత తగ్గకపోతే. ఆ వారం ఎంత త్వరగా వస్తే అంత మేలు. ఏ ఏర్పాటూ లేకుండా ఆర్నెల్లు ఓర్చుకోమంటే నేనైతే వద్దంటాను.

కొత్త మందు వచ్చినవాళ్లు అదృష్టవంతులు, ప్లాసిబో వచ్చినవాళ్లు దురదృష్టవంతులు అని మాత్రం అనుకోకండి. 1980ల చివర్లో గుండెపోటు వచ్చి తగ్గినవాళ్ల మీద కాస్ట్ అనే ట్రయల్ చేశారు. గుండె లయ తప్పకుండా చూసే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు. ఈసీజీలో చూస్తే లయ చక్కబడేది. అందరూ అవి ప్రాణం నిలబెడతాయనే నమ్మారు, అప్పటికే బయట చాలామంది వాడుతున్నారు కూడా. తీరా లెక్క చూస్తే మందు వేసుకున్నవాళ్లలో 7.7 శాతం చనిపోయారు, ప్లాసిబో వేసుకున్నవాళ్లలో 3 శాతం. 1989లో ఆ మందులతో ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. ఆపగలిగింది ఎందుకంటే, డాక్టర్లకి పేషెంట్లకి తెలియని లెక్కని విడిగా కూర్చుని చూసే ఒక బోర్డు ఉంది. మీ అమ్మగారి ట్రయల్‌కి అలాంటి డేటా సేఫ్టీ బోర్డు ఉందా, అందులో ఉన్నవాళ్లు స్పాన్సర్‌కి సంబంధం లేనివాళ్లేనా, ఎన్నాళ్లకోసారి చూస్తారు, అడగండి.

మానేయడం గురించి. ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి నుంచీ ఉన్న హక్కు అది. కానీ చెప్పకుండా విజిట్లకి వెళ్లడం మానేయకండి. మందు ఆపాక కూడా దాని ప్రభావం కొన్నాళ్లు ఒంట్లో ఉంటుంది. మందు ఆపేస్తున్నాను, కానీ రక్తపరీక్షలకి వస్తాను అని చెప్పొచ్చు. ఆ చివరి పరీక్షలు ఆవిడ కోసమే. ఒక్కసారిగా ఆపకూడని మందైతే ఎలా తగ్గించాలో కూడా వాళ్లే చెప్పాలి.

ఇక ఆ నొప్పి బిళ్ల. ఇది అన్నిటికంటే ముందు చూడాలి, ట్రయల్‌లో చేరినా చేరకపోయినా. కొన్ని రకాల నొప్పి మాత్రలు మూత్రపిండాల మీద పనిచేసి మెథోట్రెక్సేట్‌ని ఒంట్లోంచి బయటికి పోనివ్వవు. చాలామందికి డాక్టరు రెండూ కలిపే ఇస్తారు, కానీ తెలిసి ఇస్తారు, రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు. ఇక్కడ ఆయనకి తెలియదు. అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రేపే ఫోన్ చేసి ఆ బిళ్ల పేరు, రోజుకెన్ని, ఎప్పటినుంచి అన్నది చెప్పండి. కొనసాగించాలో ఆపాలో ఆయన్నే చెప్పమనండి. స్ట్రిప్ ఫొటో తీసి పెట్టుకోండి. డబ్బా మొత్తం గుమ్మరించారు కాబట్టి అందులో ఉన్నవన్నీ రాసేయండి, విటమిన్లు, నిద్రమాత్రలు, కంట్లో చుక్కలు, ఆవిడ మందు కాదనుకునేవన్నీ. ఆ కాగితం రెండు కాపీలు తీసి ఒకటి డాక్టరుకి, ఇంకోటి కోఆర్డినేటర్‌కి ఇవ్వండి.